పిలక దాటిన పొలిమేర

హేమరంభా నగరానికి మూడు ప్రాకారాలు. మొదటిది నల్లరాతిది, రెండోది స్ఫటికానిది, మూడోది మేలిమి బంగారానిది. ఉదయపు ఎండ పడితే ఆ మూడో ప్రాకారం చూసేవాళ్ళ కళ్ళు బైర్లు కమ్మేలా మెరిసేది. దాని శిఖరాల మీద మరకత మయూరాలు, ద్వారబంధాల మీద పగడాల లతలు, కావలివాళ్ళ ఈటెలకు ముత్యాల కుచ్చులు. అంత ఆర్భాటం చూసి లోపల ఏ కులదేవత ఆలయమో, ఏ నవరత్నాల కోశాగారమో ఉందనుకుంటే పొరపాటే. లోపలున్నది ఒక అరటితోట.

నవ్వొస్తే నవ్వుకోండి. పెరట్లో అంట్లు కడిగిన నీళ్ళతో పెరిగే చెట్టుకు బంగారు గోడేమిటని మీకు అనిపించవచ్చు. కాని ఈ కథ జరిగేనాటికి లోకం మొత్తంమీద తియ్యటి అరటి ఉన్నది ఆ గోడ లోపలే. దాన్ని తినేవాడు ఒక్కడే, మహారాజు మణికేతుడు. ఆయన తినగా మిగిలిన తొక్కల్ని హోమగుండంలో కాల్చి, ఆ బూడిదను కూడా భూమిలో పాతిపెట్టేవారు. 'అరటి' అనే మాట పలికితే నాలుక తెగిపడేది. 'దివ్యఫలం' అనాలి, అనేముందు చెంపలు వేసుకోవాలి. నగరవాసులకు దక్కేది గాలివాటున వచ్చే పండు వాసన ఒక్కటే. అది పీల్చి పిల్లలు గుక్కపట్టి ఏడిస్తే తల్లులు రెండు అంటించి లోపలికి లాక్కుపోయేవారు.

ఇంతకీ ఆ చెట్టు మణికేతుడి తాత సంపాదించిన సొమ్మేమీ కాదు. మబ్బుకోనలో ఉండే కొండవాళ్ళది. పూర్వం అడవిలో మొలిచే అరటిపండు నిండా మిరియాలంతేసి నల్లటి గింజలు. నోట్లో వేసుకుంటే తినేది గోరంత, ఉమ్మేది కొండంత. మబ్బుకోన వాళ్ళు గింజ తక్కువున్న చెట్టు పిలకను తెచ్చి నాటుకోవడం, గింజ ఎక్కువున్నదాన్ని ఏనుగులకు వదిలేయడం తరతరాలుగా చేస్తూ వచ్చారు. చివరికి ఒకనాడు అసలు గింజే లేని చెట్టొకటి గెల వేసింది. అందరూ దాన్ని చూసి గొడ్డుచెట్టు, అరిష్టం, నరికెయ్యమన్నారు. గొడ్రాలని అందరూ ఈసడించే ఒక ముసలమ్మ మాత్రం గొడ్డలికి అడ్డం నిలబడింది. "గింజ లేపోతే ఏటిరా? పక్కన పిలకలున్నాయి కదా, పెంచుకుంటే అయ్యే పిల్లలు" అంది. ఈనాడు మనం తినే పండుకు పెద్దమ్మ ఆవిడే.

అలాంటి కోనకు వేట నెపంతో మణికేతుడు అతిథిగా వచ్చాడు. ఆకులో పండు పెడితే తిన్నాడు, రెండోది అడిగి తిన్నాడు, వెళ్తూ ముసలివాళ్ళకు దండం కూడా పెట్టాడు. మరుసటి పున్నమికి సైన్యాన్ని పంపాడు. చెట్లను వేళ్ళతో పెకలించి బళ్ళకెక్కించి, వాటిని నాటడం తెలిసిన ప్రతి మనిషినీ నరికించాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాం. వీడు వాసాలు ఊడబెరికి, ఇంటికి నిప్పు పెట్టిన రకం.

ఆ మంటల్లోంచి బతికి బయటపడింది ఒక్క సంపెంగి. అప్పటికి పదేళ్ళ పిల్ల. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ప్రాణం విడుస్తూ వాళ్ళ అవ్వ చెప్పిన మాట ఒకటే: "అమ్మీ, ఆడి గొంతు కొయ్యమాక. కోస్తే ఒక్కపాలే సస్తాడు. ఆడు దాసుకున్నదాన్ని లోకంమీదకి ఇసిరికొట్టు. ఇంటింటా పండాల, ఆడి కళ్ళముందే పండాల. అప్పుడు దినదినం సస్తాడు."

ఆ సంపెంగి ఇప్పుడు ఎదిగి, పింగళదేశపు పండితుడు చండతర్క దీక్షితులుగా వేషం మార్చుకుని, బంగారు ప్రాకారం లోపల పండితుల పంక్తిలో పీటమీద కూర్చుని ఉంది.

వేషం అంటే ఆషామాషీ వేషం కాదు. ఒక వేదపాఠశాల గోడ పక్కన గడ్డి కోస్తూ కోస్తూ ఆమె శ్లోకాలన్నీ కంఠతా పట్టింది. నడుం దాటే జుట్టును ముందువైపు నున్నగా గొరిగించి, వెనకవైపు ఇంత లావు పిలక ఉంచుకుంది. గొరిగినవాడు శంఖతీర్థం రేవులో పడవ నడిపే సరంగు కూర్మయ్య. మంగలి దొరక్క చేపలు గీసే కత్తితోనే కానిచ్చాడు. "ఆడపిల్ల జుత్తమ్మా, నా సెయ్యాడట్నేదు" అని ముక్కు చీదుతూ గీశాడు. "జుట్టు మళ్ళీ మొలుస్తాది మావా, మా వోళ్ళు మొలవరు. గియ్యి" అంది సంపెంగి. చేపల కంపు పోవడానికి గంధం దట్టంగా పట్టించి మరీ సభకు వచ్చింది.

ఆనాడు ఫలోత్సవం. అరిటాకు రంగు పట్టుపందిరి కింద మణికేతుడు రత్నపీఠం మీద ఆసీనుడై ఉన్నాడు. ఎర్రటి దేహం, బుగ్గమీసాలు, పదివేళ్ళకూ ఉంగరాలు. ఆయన పక్కన మాంత్రికుడు వక్రఘోణుడు. ముక్కు ఎడమ చెవివైపుకు వంకర తిరిగి ఉంటుంది కనుక ఆ పేరు. గబ్బిలాల తోళ్ళు కుట్టిన కంబళి కప్పుకుని, ఎండలో కూడా చెమట పట్టకుండా నిలబడ్డాడు.

"పండితోత్తములారా!" అన్నాడు రాజు. "మా దివ్యవనానికి ఇదే మీ కడపటి దర్శనం. రేపు సూర్యోదయానికి వక్రఘోణులవారు తోటంతటినీ వజ్రశిలతో కప్పివేస్తారు. ఇక మేము తప్ప చీమ కూడా లోపలికి దూరలేదు."

"మహారాజా, మరి చెట్లకు ఎండ?" అని అడిగాడో ముసలి పండితుడు.

"నా మంత్రమే ఎండ" అన్నాడు వక్రఘోణుడు. ఆ పండితుడు గబగబా చెంపలు వేసుకున్నాడు.

సంపెంగి లెక్క వేసుకుంది. ఇంకో ఏడు వచ్చి చూసుకుందామనే వీలు లేదన్నమాట. పిలక దొరికితే ఈ పూటే దొరకాలి. రేపటితో మబ్బుకోన వాళ్ళ బతుకు ఫలం మొత్తం ఆ ఒక్కడి పొట్టలో పడి శాశ్వతంగా జీర్ణమైపోతుంది.

ఏడాదికి ఈ ఒక్క పూట పండితులకు దక్కే ప్రసాదంగా బంగారు పళ్ళేలలో పండు ముక్కలు వచ్చాయి, కాగితమంత పల్చగా. సంపెంగి కళ్ళు మూసుకుని ముక్కను నాలుకమీద వేసుకుంది. అంతే, కోన కళ్ళముందు కనిపించింది. గుడిసె ముందు కూర్చుని పండు సగం విరిచి ఇచ్చే నాన్న, తొక్కలు మేకకు వేస్తున్న అమ్మ. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయి.

"చూశారా! దీక్షితులవారికి ఆనందబాష్పాలు! భక్తి అంటే అదీ!" అంటూ మణికేతుడు పీఠం దిగి వచ్చి ఆమె భుజం తట్టాడు. ఆ గొంతు ఆమెకు మూరెడు దూరంలో ఉంది. ఉమ్మి మింగితే కంఠమణి కదలడం కూడా కనబడుతోంది. సంపెంగి చెయ్యి తనంతట తానే నడుం దగ్గరికి పోయింది. అక్కడ పంచె మడతలో పదునైన వెదురుబద్ద ఉంది. ఒక్క గీత చాలు.

'గొంతు కొయ్యమాక' అన్న అవ్వ మాట చెవిలో గింగురుమంది. సంపెంగి పళ్ళు బిగించి రెండు చేతులూ జోడించింది. "ప్రభువుల కీర్తి దిగంతాలకు వ్యాపించుగాక!" అంది. ఆ 'దిగంతాలు' ఏమిటో మణికేతుడికి ఇంకా తెలియదు పాపం. ఉబ్బితబ్బిబ్బై మీసం దువ్వుకున్నాడు.

భోజనాలయ్యాక ప్రదక్షిణ. తోట మధ్యలో ఆదిరంభ అనే తల్లిచెట్టు ఉంది. మబ్బుకోన నుంచి పెకలించి తెచ్చిన చెట్ల సంతతిలో అదే పెద్దది. బోదె గజస్తంభంలా నున్నగా ఉంది. ఆకులు గాలికి ఏనుగు చెవుల్లా ఆడుతున్నాయి. నేలదాకా వంగిన గెల చివర ఎర్రటి పువ్వు వేలాడుతోంది. ఆకు ఆకుకూ ఒక ఆకుపచ్చ పాము చుట్టుకుని ఉంది. అవి మాంత్రికుడి పాములు, ఇనుము వాసన తగిలితే చాలు కాటేస్తాయి. అందుకే సభకు వచ్చేవాళ్ళచేత మొలతాడుకున్న తాళంచెవితో సహా ఇనుమన్నదంతా విప్పించి లోపలికి పంపుతారు.

వెదురుబద్ద సంగతి వాళ్ళకు తెలియదు. మబ్బుకోనలో మంత్రసాని బొడ్డు కోసేది వెదురుబద్దతోనే. తల్లిచెట్టు నుంచి పిలకను వేరుచేసేదీ దానితోనే. రెండు చోట్లా ఇనుము తగలకూడదని వాళ్ళ పట్టింపు.

సంపెంగి ఆదిరంభ ముందు సాష్టాంగపడింది. ఉత్తరీయం తలమీదుగా జారింది. ఆ చాటున కుడిచెయ్యి మట్టిలోకి పోయింది. వేళ్ళు దుంప చుట్టూ తడిమాయి. ఇక్కడ పెద్ద పిలక, పనికిరాదు. ఇక్కడ ఇంకొకటి, ఆకు విప్పింది, పనికిరాదు. అదిగో, ఇంకా నేల చీల్చని పిలక, పిడికిలంత దుంప, ముట్టుకుంటే బొడిపెల్లాంటి కళ్ళు తగులుతున్నాయి. బద్ద ఆనించింది.

సరిగ్గా అప్పుడే వీపుమీద చల్లగా బరువు పడింది. పాము! మెల్లగా వెన్నుమీదుగా పాకి, భుజం దిగి, మట్టిలో ఉన్న చేతి దగ్గర ఆగింది. నాలుక చాపి వెదురుబద్దను పైనుంచి కిందదాకా తడిమింది. సంపెంగి కదలకుండా, పెదవులతో స్తోత్రం మాత్రం ఆపకుండా చదువుతోంది. ఇనుము వాసన లేదు. పాముకు విసుగు పుట్టినట్టుంది, తిరిగి ఆకుమీదికి పోయింది. బద్ద కస్సున దిగింది.

లేస్తూ లేస్తూ దీక్షితులు జుట్టు విదిలించి గట్టిగా ముడి వేసుకున్నాడు. సాష్టాంగపడితే పిలక ఊడటం, లేచి ముడేసుకోవడం ఏ పండితుడికైనా మామూలే కదా. ఎవరూ రెండోసారి చూడలేదు. ముడి మాత్రం ఇందాకటికంటే కొంచెం లావైంది.

పండితులు గుంపుగా బయటికి నడిచారు. వాళ్ళు స్ఫటిక ప్రాకారం దాటేసరికి తోటలో ఆదిరంభ నడిమి ఆకు తలవాల్చింది. వక్రఘోణుడు అది చూశాడు. కంబళి విదిలించి, కాకిలా ఎగిరి, పండితుల కంటే ముందే నల్లరాతి ద్వారం దగ్గర వాలాడు.

ఆ ద్వారం దగ్గర ఒక కంచుబొమ్మ ఉంది. ఆడమనిషి రూపం, నిలువెత్తు విగ్రహం. బయటికి పోయే ప్రతివాణ్ణీ "నీ దగ్గర పిలక ఉన్నదా?" అని అడుగుతుంది. నిజం చెబితే ఊరుకుంటుంది. అబద్ధమాడితే నోట్లోంచి నిప్పు కక్కి అక్కడికక్కడ మాడ్చేస్తుంది. మాంత్రికుడు దాన్ని కొత్తగా నిలబెట్టిన రోజున మొదట వచ్చినవాడు రాజపురోహితుడే. అరటిపిలక గురించి కదా అని "లేదు" అన్నాడు. బుస్సుమని మంట వచ్చి నెత్తిమీది పిలక కాస్తా కమిలిపోయింది. మాంత్రికుడు బొమ్మకు మాట నేర్పాడు గాని ఏ పిలకో నేర్పలేదు! బొమ్మ దృష్టిలో పిలక అంటే పిలకే. అప్పటినుంచీ పండితులందరూ వరసగా "ఉంది తల్లీ, నెత్తిమీద ఉంది" అనడం, భటులు కిసుక్కున నవ్వి వదిలెయ్యడం ఆనవాయితీ. సంపెంగి నమ్ముకున్నది ఆ ఆనవాయితీనే.

కాని ఇవాళ వక్రఘోణుడు బొమ్మ చెవిలో ఏదో ఊదాడు. ఊది, ముక్కు నిమురుకుంటూ పక్కన నిలబడ్డాడు.

సంపెంగి వంతు వచ్చింది. బొమ్మ కంచుకళ్ళు తెరిచింది.

"నీ నెత్తిమీద ఉన్నది కాక, వేరే పిలక నీ దగ్గర ఉన్నదా?"

పండితులు గతుక్కుమన్నారు. భటులు ఈటెలు ఎత్తారు. మాంత్రికుడు ఆమె మొహంలోకే చూస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చెయ్యి నెత్తిమీదికి పోబోయింది. సంపెంగి ఆ చేతిని జంధ్యంలో చుట్టి అదిమిపెట్టింది. గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడివిడిగా, తర్కం చెప్పే పండితుడిలా పలికింది:

"అమ్మా! నా నెత్తిమీద ఉన్నది తప్ప, ఇంకెక్కడా, నా ఒంటిమీద గాని మూటలో గాని, పిలక అన్నదే లేదు."

కంచుబొమ్మ నోరు తెరిచింది. లోపల నిప్పు గిర్రున తిరిగింది. ఆగింది. నోరు మూసుకుంది. కళ్ళు కూడా మూసుకుంది. నిజమే కదా మరి, పిలక మీద పిలక ఉన్నా నెత్తిమీదే ఉంది!

మాంత్రికుడి ముఖం మాడిపోయింది. సంపెంగి ఆశీర్వచనం పలికి ద్వారం దాటింది. పొలిమేర రాయి కూడా దాటింది. ఎండ మాడుస్తోంది. ఇంకొంచెం నడిస్తే రావిచెట్ల మలుపు.

"సామీ! ఓ సామీ!" అని వెనకనుంచి గుర్రాన్ని నడిపించుకుంటూ వస్తున్న ఒక భటుడు మర్యాదగానే పిలిచాడు. "తమరి మెడమీద ఆ నల్లచార ఏంటండీ? గాయమైనాదా?"

పచ్చి దుంప ఊరుకుంటుందా! కోసిన చోటినుంచి పాలు కారి, ఎండకు నల్లబడి, ముడి కిందుగా మెడమీదికి, తెల్లటి ఉత్తరీయం మీదికి దిగుతోంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని కర మరక అది. దూరంగా వక్రఘోణుడు చూశాడు, అర్థమైంది, ఒళ్ళు మరిచి గావుకేక పెట్టాడు:

"కర! అరటి కర! పట్టుకోండి!"

భటులు కదల్లేదు. కొయ్యబారిపోయి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. 'అరటి' అన్నవాడి నాలుక కొయ్యమని కదా రాజాజ్ఞ! అన్నది సాక్షాత్తూ మాంత్రికులవారు. ఇప్పుడు వెళ్ళి పండితుణ్ణి పట్టుకోవాలా, వెనక్కి తిరిగి మాంత్రికుడి నాలుక పట్టుకోవాలా? వాళ్ళలో కుర్రవాడైన ఒక భటుడైతే "అరటంటే ఏంటన్నా?" అని పక్కవాణ్ణి అడిగాడు కూడా. వాడు పుట్టాక ఆ మాట ఎవరైనా అంటే కదా తెలియడానికి!

ఆ తికమకే సంపెంగికి చాలింది. పలకరించిన భటుడి గుర్రం కళ్ళెం లాక్కుని ఒక్క దూకున ఎక్కింది. "గాయమే నాయనా! పాతగాయం!" అని కేకపెట్టి గుర్రాన్ని డొక్కలో పొడిచింది.

ఇక చూడాలి ఆ పరుగు. వెనక శంఖాలు మోగాయి. మణికేతుడు పండు తింటున్న చెయ్యి కూడా కడుక్కోకుండా తెల్లగుర్రం ఎక్కి వస్తున్నాడు. మాంత్రికుడు రాబందుగా మారి ఆకాశంలో నీడ పరుస్తున్నాడు. సంపెంగి చింతతోపులోంచి దూసుకుపోయి, ఏటిగట్టు ఎక్కి, వంతెన మీదికి గుర్రాన్ని ఉరికించింది. నడిమికి వచ్చేసరికి వంతెన కదిలింది. పలకల సందున పచ్చటి కన్ను ఒకటి తెరుచుకుంది. వంతెన కాదది, ఒడ్డునుంచి ఒడ్డుదాకా పరుచుకున్న మొసలి! మాంత్రికుడు పైనుంచి రెక్క ఆడించి కల్పించిన మాయ. తోక గాలిలోకి లేచింది, దవడలు విచ్చుకున్నాయి. సంపెంగి గుర్రాన్ని ఆపలేదు. మొసలి తలమీదికే ఎక్కించి, దాని ముక్కు చివరినుంచి అవతలి ఒడ్డుకు దూకించింది. వెనక వస్తున్న రాజుగారి ముందుదళం నేరుగా నోట్లోకి పోయింది. మాయ మొసలికి మనవాడెవరో పైవాడెవరో ఏం తెలుసు!

శంఖతీర్థం రేవులో గాలి మళ్ళింది. నెలల తరబడి గాలికోసం కాచుకున్న ఓడలన్నీ తెరచాపలు విప్పుతున్నాయి. ముత్యాల దీవులవాళ్ళు, ఎర్రసముద్రపు సిద్దీలు, పగడపు తీరం వాళ్ళు, పేరు తెలియని దూరదేశాల వాళ్ళు లంగర్లు ఎత్తుకుంటూ ఎవరి భాషలో వాళ్ళు అరుచుకుంటున్నారు. గుర్రం నురగలు కక్కుతూ రేవు రాళ్ళమీద కూలబడింది. కూర్మయ్య పరుగెత్తుకొచ్చాడు.

"దొరికిందేటమ్మా?"

సంపెంగి ముడి విప్పి దుంపను అరచేతిలో పెట్టింది. మరకలతో నల్లబడి, మట్టి కొట్టుకుని, చూడ్డానికి ఏమీ లేదు. కూర్మయ్య దానికి రెండు చేతులా దండం పెట్టాడు.

"నా పడవెక్కీ. ఈ గాలికి సీకటడేలోగా దీవికాడుంటాం."

సంపెంగి తల ఎత్తి చూసింది. రాబందు రేవుమీద చక్కర్లు కొడుతోంది. ఊరికే ఉండలేక రెక్క విదిల్చి ఒక చిన్న పడవమీద నిప్పు కురిపించింది. పడవ దీపం వత్తిలా భగ్గుమంది. దాని వాళ్ళు నీళ్ళలోకి దూకేశారు.

"ఏ పడవెక్కితే ఆ పడవే తగలబెడతాడు మావా" అంది. "పట్టేది ఒక్క పడవనే అయితే, పంపాల్సింది అన్ని పడవల్లోనూ."

రేవుకట్టమీద మోకాళ్ళమీద కూలబడి వెదురుబద్ద తీసింది. దుంపను ఒక్కో కన్నూ ఒక్కో ముక్కకు వచ్చేలా కోస్తోంది. కన్ను ఉన్న ముక్క చాలు, నేల తగిలితే చెట్టయి లేస్తుంది. వంట కోసం రాజేసిన ఒక పొయ్యిలోంచి కూర్మయ్య దోసెడు బూడిద తెచ్చాడు. కుళ్ళకుండా ముక్క ముక్కకూ బూడిద అద్ది అతను ఓడల వెంట పరుగెత్తాడు.

"ఏంటిది, చేమదుంపా? పులుసు పెట్టుకోవాలా?" అని అడిగాడు పగడపు తీరం సరంగు.

"పులుసెడితే నీ కళ్ళు పోతాయిరా!" అని సంపెంగి ఇవతలినుంచే అరిచింది. "కన్ను పైకెట్టి పాతు. నీళ్ళొయ్యి. పండితే నువ్వు తిను, నీ పిల్లలకెట్టు. ఒకటే ఒట్టు, పిలక కావాలని నీ గుమ్మంలోకి ఎవరొచ్చినా లేదనకూడదు. శత్రువొచ్చినా లేదనకూడదు. ఒట్టెయ్యి!"

అతను అర్థమైనంతవరకు అర్థం చేసుకుని, దుంప ముక్కను నుదుటికి తాకించి ఒట్టేశాడు. సిద్దీ ఓడవాడు తన భాషలో ఒట్టేశాడు. ముత్యాల దీవుల ముసలి నావికుడు దాన్ని వాసన చూసి, భార్య ఇచ్చిన తాయెత్తు డబ్బీలో పెట్టుకున్నాడు. తాళ్ళు వదిలారు. తెరచాపలు పొంగాయి. ఒక్కో ఓడా ఒక్కో దిక్కుకు మూతి తిప్పింది.

అప్పుడే తెల్లగుర్రం ఏటిని ఈది రేవులోకి వచ్చింది. మణికేతుడు గుర్రం దిగకుండానే వంగి సంపెంగి జుట్టు ఒడిసి పట్టుకున్నాడు. నేలమీద కాళ్ళు ఆననంత ఎత్తుకు లేపాడు.

"చిక్కావురా పంతులూ! నీ పిలక నా చేతికి చిక్కింది!" అని పకపకా నవ్వాడు. అంతలో ఆమె మొహంలోకి పరకాయించి చూసి నవ్వు ఆపేశాడు. "నువ్వు... ఆడదానివా? ఎవరు నువ్వు?"

"మబ్బుకోన దాన్ని. ఆకులో పండెట్టాం, గ్యాపకముందా? రెండోది నువ్వే అడిగి తిన్నావు."

మణికేతుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏది? పిలక ఏది? ఏ ఓడలో పెట్టావు?"

"అన్నిట్లోనూ."

రాజు సముద్రంవైపు చూశాడు. తూర్పున ఒక తెరచాప, దక్షిణాన రెండు, పడమటి కొమ్ము దాటుతూ ఇంకొకటి, దానివెనక మరికొన్ని. పైన రాబందు ఒక ఓడవైపు ఎగిరి, మధ్యలో ఆగి, ఇంకో ఓడవైపు తిరిగి, అక్కడా ఆగిపోయి, గాలిలో గింగిరాలు తిరుగుతోంది. పక్షి ఒకటే.

"ఇంకేం సూత్తావు లే" అంది సంపెంగి. జుట్టు కుదుళ్ళు పెకలిపోయేంత నొప్పిలోనూ ఆమె గొంతులో సంతోషం ఆగడంలేదు. "నీ దివ్యఫలం ఊరూరా పెంటకుప్పలమీద మొలుస్తాది. బిచ్చగాడు తింటాడు, బాలింత తింటాది. కోతులు తిని తొక్కలు నీ బంగారు గోడమీదే ఇసిరి పోతాయి. అప్పటిదాకా నువ్వు సల్లగా బతకాల. అది సూడ్డానికే బతకాల. అందుకే ఇందాక నీ గొంతు కొయ్యకుండా ఒగ్గేశాను."

అంటూనే వెదురుబద్ద ఎత్తి తన పిలకను మొదట్లోకి కోసేసుకుంది. జుట్టు రాజు చేతిలో మిగిలింది, మనిషి నేలమీద పడింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. మణికేతుడు గుర్రం దిగి నిజంగానే ఆమె కాళ్ళకు అడ్డం పడ్డాడు.

"అమ్మా! అర్ధరాజ్యం ఇస్తాను. ఆ ఓడల్ని వెనక్కి పిలువు. ఏమంటే తిరిగివస్తారో ఆ మాట చెప్పు!"

సంపెంగి అతణ్ణి దాటుకుని రేవుకట్ట చివరికి పరుగెత్తింది. పైన మాంత్రికుడు తేల్చుకున్నట్టున్నాడు, సిద్దీ ఓడమీదికి రెక్కలు ముడిచి దిగుతున్నాడు. ఓడమీద జనం చేతులు అడ్డం పెట్టుకుని అరుస్తున్నారు. ఆమె వంగి, రేవు అంచున తడిమట్టి గడ్డను ఒకదాన్ని పెళ్ళగించి, పిడికిట్లో పట్టుకుని ఆకాశానికి చూపించింది.

"ఓరి వంకరముక్కోడా! ఆళ్ళకిచ్చినవన్నీ సెక్కముక్కల్రా! అసలు పిలక ఇదిగో, నాకాడుంది!"

పచ్చి అబద్ధం. కాని రాబందు దిగడం ఆగింది. మెడ తిప్పి చూసింది. ఒక్కసారి రెక్కలు విప్పి, ఓడను వదిలి, ఆమెమీదికి తిరిగింది.

"అమ్మా, వద్దమ్మా!" అని కూర్మయ్య పడవలోంచి మొత్తుకున్నాడు.

సంపెంగి మట్టిగడ్డను పంచె కొంగులో ముడేసుకుని సముద్రంలోకి దూకింది. ముక్కుల్లోకి ఉప్పునీళ్ళు పోయాయి. తల పైకెత్తి చూస్తే అలల మీద తెరచాపలు చిన్నవవుతున్నాయి, వెనక రెక్కల చప్పుడు పెద్దదవుతోంది. సిద్దీ ఓడ పోయే దిక్కు ఏదో చూసుకుంది. చూసుకుని, దానికి ఎదురు దిక్కుగా ఈత మొదలుపెట్టింది.